శనివారం బస్సులో మతీలె

మా వదిన ఫువాతీనో గురించి మా ఊళ్ళో రెండు రకాలుగా చెప్పుకుంటారు. కొందరు ఆమె దేవుడి మనిషి అంటారు. కొందరు బిడ్డ పోయిన దుఃఖంలో మతి చెదిరిందంటారు. పాతికేళ్ళకు పైగా ఆమెతో ఒకే పెరట్లో బతుకుతున్నదాన్ని నేను. ఆ రెండూ నిజం కాదని నాకు తెలుసు.

మోయెలాంగి మా అన్న పెతాయియాకు ఆఖరి సంతానం. ముగ్గురు మగపిల్లల తర్వాత చాలా ఏళ్ళకు పుట్టింది. పోయేనాటికి దానికి ఎనిమిదేళ్ళు. ఒక బుధవారం, బడి నుంచి వచ్చి యూనిఫాం విప్పకుండానే, సబ్బు తెమ్మని వదిన పంపితే రోడ్డవతల దుకాణానికి బయల్దేరింది. చేమదుంపల లోడుతో పై ఊరి నుంచి వస్తున్న పికప్ బండి మలుపులో అదుపు తప్పింది. నడుపుతున్నవాడు లఫాయెలె, పై ఊరి మతీలె కొడుకు, ఇరవై రెండేళ్ళవాడు. తోటలో స్నేహితులతో రెండు సీసాల బీరు తాగి బయల్దేరాడని తర్వాత తెలిసింది. ఆ వేళ నేను స్త్రీల సంఘం ఇంట్లో చాప అల్లుతున్నాను. ఎవరో పరుగెత్తుకొచ్చి చెప్పేసరికి అంతా అయిపోయింది.

మర్నాడు తెల్లవారకముందే వాళ్ళ కుటుంబమంతా మా వాకిట్లోకి వచ్చి నేల మీద కూర్చున్నారు. తప్పు చేసినవాళ్ళు అలా వచ్చి, తలల మీద తమ ఇంట్లోని మేలైన మొగలి చాపలు కప్పుకుని, దిగి వచ్చామని చెప్పకుండానే చెబుతారు. మన్నిస్తే ఇంటి పెద్ద వెళ్ళి చాప ఎత్తాలి. మన్నించకపోతే ఏమైనా జరగొచ్చు. మా చిన్నాన్న కొడుకులిద్దరు చేతుల్లో తోట కత్తులతో స్తంభాల దగ్గర నిలబడి ఉన్నారు. అన్న లోపల పెద్దలతో కూర్చున్నాడు. గోడల్లేని ఇల్లు కాబట్టి వాకిట్లో వాళ్ళు మాకూ, లోపల పడుకోబెట్టిన బిడ్డ వాళ్ళకూ కనిపిస్తూనే ఉన్నారు.

సన్నగా వాన మొదలైంది. చాపల మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఎవరూ కదల్లేదు. అన్న చాలాసేపు తల వంచుకుని ఉండి చివరికి లేచాడు. మెట్లు దిగి ముందు వరసలో ఉన్న చాప ఎత్తాడు. దాని కింద లఫాయెలె ఉన్నాడు, పక్కన వాళ్ళమ్మ.

"లేవండి, తడుస్తున్నారు. లోపలికి రండి," అన్నాడు అన్న.

అంతే. వచ్చినవాళ్ళంతా ఏడ్చారు, ప్రసంగాలు అయ్యాయి, పాస్టరు గారు ప్రార్థన చేశారు. మధ్యాహ్నానికల్లా రెండు కుటుంబాలూ ఒకే పందిరి కింద అన్నం తిన్నాయి. మా అన్న చేసింది గొప్ప పని అని ఇప్పటికీ అంటాను. కానీ ఆ పొద్దున వదిననెవరూ ఏమీ అడగలేదు. ఆమె బిడ్డ తల దగ్గర కూర్చుని, దాని జుట్టులో ఇరుక్కున్న ఇసుకను వేళ్ళతో తీస్తూ ఉంది.

మోయెలాంగిని ఇంటి ముందే పాతిపెట్టాం. సిమెంటు చేయించి తెల్ల రంగు వేశాం. సాయంకాలం ప్రార్థనకు గంట కొట్టినప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చుని పాట పాడి, అన్న వాక్యం చదివి, అందరం ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పేవాళ్ళం. అందులో 'మాకు తప్పు చేసినవారిని మేము క్షమించినట్టు' అనే చోట వదిన గొంతు ఆగిపోయేది. ఆ తర్వాతి మాట దగ్గర మళ్ళీ కలిసేది. పక్కనే కూర్చునే నాకు తప్ప అది ఎవరికీ తెలియదనుకుంటాను.

కోర్టులో లఫాయెలెకు మూడేళ్ళు పడింది. మన్నింపు జరిగింది కాబట్టి తగ్గించారన్నారు. మతీలె భర్త అంతకు చాలా ఏళ్ళ ముందే చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. ఆమెకు మిగిలింది ఈ కొడుకొక్కడే. ప్రతి శనివారం వాడికి కూడు తీసుకుని, జైలున్న అపియా పట్నానికి మొదటి బస్సెక్కేది. వదినా నేనూ మార్కెట్లో చేమాకు, కోకో గింజలు, కొబ్బరికాయలు అమ్ముకోవడానికి ఎక్కేది కూడా ఆ బస్సే.

మా బస్సుల్లో నిలబడే ఆచారం లేదు. సీట్లు నిండాక ఎక్కినవాళ్ళను, కూర్చున్నవాళ్ళు ఒళ్ళో కూర్చోబెట్టుకుంటారు. తెలిసినవాళ్ళా కాదా అని చూడరు. పై ఊరి నుంచి బయల్దేరే బస్సు కాబట్టి మొదట్లో మతీలెకు సీటు దొరికేది. మేము వెనక్కి వెళ్ళి కూర్చునేవాళ్ళం, ఆమె కిటికీలోంచి బయటికి చూసేది. అలా కొన్ని నెలలు గడిచాయి.

తర్వాత ఆమె మడమ మీద పుండు పడింది. షుగరు మనిషి. ఊళ్ళోంచి బస్సు ఆగే చోటుకు నడవలేక, మా ఊరి మీదుగా పనికెళ్ళే తన బావగారి బండిలో వచ్చి, మాతోపాటే ఎక్కడం మొదలుపెట్టింది. మా ఊరు వచ్చేసరికి బస్సు దాదాపు నిండిపోయి ఉంటుంది.

మొదటి శనివారం ఏం జరిగిందో నేను చూశాను. వదిన ముందే ఎక్కి రెండో వరసలో ఖాళీగా ఉన్న సీట్లో కూర్చుంది. దాని వెనక మిగిలిన ఆఖరి సీట్లో నేను సర్దుకున్నాను. మతీలె బుట్ట పట్టుకుని ఎక్కి నిలబడింది. ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఒళ్ళో సంచులు సర్దుకున్నారు. ఇంకొకామె కళ్ళు మూసుకుంది. వాళ్ళంతా ఆదివారం గుడిలో తెల్లబట్టలు కట్టుకుని కూర్చునేవాళ్ళే. నేనూ అంతే. నా తొడ మీద నా చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

డ్రైవరు విలియాము అద్దంలోంచి చూసి పాట సౌండు తగ్గించాడు. "ఎవరో ఒకరు కూర్చోబెట్టుకోండమ్మా. ఇలా నిలబడితే పోలీసోళ్ళు నన్ను పట్టుకుంటారు," అన్నాడు.

 మతీలె, "దిగిపోతాలే విలియాము. తర్వాతి బస్సుకొస్తా," అని వెనక్కి తిరిగింది. ఆ బస్సు వచ్చేసరికి జైల్లో చూడనిచ్చే వేళ దాటిపోతుందని అందరికీ తెలుసు.

అప్పుడు వదిన గొంతు వినిపించింది. "ఇలా రా అక్కా. ఇక్కడ కూర్చో."

మతీలె కదల్లేదు. వదిన ఒళ్ళోని చేమాకు కట్టలు తీసి కిందపెట్టింది. మతీలె వచ్చి, ముళ్ళ మీద కూర్చున్నట్టు ఆమె మోకాళ్ళ చివర ఆనింది. బస్సు గుంతలో పడి ఎగిరేసరికి జారబోయింది. వదిన రెండు చేతులూ నడుం చుట్టూ వేసి పట్టుకుంది. మార్కెట్ వచ్చేదాకా, నలభై నిమిషాలు, అలాగే పట్టుకుంది.  

మార్కెట్ దగ్గర దిగాక వదిన నాలుగడుగులు వేసి, కొబ్బరికాయల గుట్ట వెనక్కి వెళ్ళి వాంతి చేసుకుంది. నేను నీళ్ళిచ్చాను. నాకు కోపంగా ఉంది. ఎవరి మీదో నాకే తెలియదు.

"ఎందుకు వదినా నీకివన్నీ? ఎవరు చెయ్యమన్నారు?"

"ఎవరూ చెప్పలేదు."

"మరి?"

"ఆవిడ నిలబడి ఉంది సెఫీనా. బుట్టలో కూడుంది, వేడిగా. నాకు వాసన వచ్చింది," అంది. మూతి తుడుచుకుని, "కొడుక్కి వండుకుంది కదా," అంది.

ఆ రోజు ఆమె ఒక్క బేరం కూడా సరిగ్గా చెయ్యలేదు.

తర్వాతి శనివారం మతీలె ఎక్కగానే వదిన కట్టలు కిందపెట్టింది. ఆ తర్వాతి వారమూ అంతే. కొన్నాళ్ళకు బస్సులో ఆ చోటు మతీలెదే అయిపోయింది. ఊళ్ళో మాత్రం నోళ్ళు ఊరుకోలేదు. సంఘం ఇంట్లో చాపలు అల్లుతూ ఎలిసాపేత అనే ముసలావిడ నాతో, "మీ వదినకు రెక్కలు మొలుస్తున్నాయంట కదా, ఇంటి కప్పు జాగ్రత్త," అంది. ఇంకొకామె, "కన్నతల్లికి అంత తొందరగా ఎలా చల్లారిందో," అంది.  నా మనసులో మాటే వాళ్ళు బయటికి అన్నట్టుంది.

ఒక ఆదివారం పాస్టరు గారు ప్రసంగంలో వదిన పేరెత్తారు. క్రీస్తును చూడాలంటే ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, శనివారం మొదటి బస్సెక్కండి అన్నారు. అందరూ తిరిగి వదిన వైపు చూశారు. ఆమె ఈతాకు టోపీని ముఖం మీదికి లాక్కుంది. గుడి అయ్యాక నన్ను వెంటబెట్టుకుని పాస్టరు గారింటికి వెళ్ళి గుమ్మం దగ్గర నేల మీద కూర్చుంది.

"అయ్యగారూ, ఒక మాట అడగొచ్చా?"

"అడుగమ్మా."

"నా పేరు మళ్ళీ ఆ వేదిక మీద నుంచి చెప్పకండి."

ఆయనకు అర్థం కాలేదు. "మంచిమాటే చెప్పాను కదమ్మా. నీ సాక్ష్యం చూసి నలుగురూ నేర్చుకుంటారు."

"నేను క్షమించానని చెప్పారు మీరు. అది అయిందో లేదో నాకే తెలీదు. ఆవిడ నా ఒళ్ళో కూర్చున్నప్పుడల్లా నా బిడ్డ కూర్చోవాల్సిన చోటని గుర్తొస్తుంది. ఒక్కోసారి తోసేద్దామనిపిస్తుంది. గట్టిగా పట్టుకునేది అందుకే. నన్ను చూపించి ఎవరికీ ఏమీ నేర్పకండి."

 పాస్టరు గారు, "సరేనమ్మా," అన్నారు. పాస్టరమ్మ లోపలి నుంచి కోకో తెచ్చి ఇచ్చింది. వదిన మర్యాదకు సగం తాగింది.

ఆ ఇద్దరి మధ్యా మాటలు చాలా తక్కువ. చనిపోయిన పిల్ల సంగతి గాని, జైల్లో ఉన్న కుర్రాడి సంగతి గాని ఎప్పుడూ రాలేదు. ఒకసారి మాత్రం మతీలె, "నీ కాళ్ళు తిమ్మిరెక్కట్లేదా? నా బరువేం తక్కువ కాదు," అంది.

"సీమపనస తినడం తగ్గించు మరి," అంది వదిన.

"ఉన్నదే అదొక్కటి. అది కూడా మానేస్తే గాలికి కొట్టుకుపోతా."

వదిన నవ్వింది. ఏడాది తర్వాత నేను విన్న మొదటి నవ్వు అది. వెంటనే ఆపుకుంది. మతీలె కూడా తల దించుకుంది. ఇద్దరూ ఏదో దొంగతనం చేసి దొరికినవాళ్ళలా ఊరు దాటేదాకా కిటికీలోంచే చూస్తూ కూర్చున్నారు.

రెండో ఏడు మతీలె పాదం నల్లబడింది. ఆసుపత్రిలో కాలు తీసెయ్యాలన్నారు. కొడుకు వచ్చేదాకా రెండు కాళ్ళ మీదే ఉంటానని ఒప్పుకోలేదు. విషం ఒళ్ళంతా పాకి, జూన్ నెలలో పోయింది. మట్టి చేసేరోజు లఫాయెలెను ఇద్దరు పోలీసులు తీసుకొచ్చారు. గంటసేపు తల్లి పెట్టె దగ్గర నిలబడ్డాడు. బంధువులు ఎవరూ దగ్గరికి వెళ్ళలేదు. ఆ కుటుంబం పరువంతా వాడి వల్లే పోయిందని వాళ్ళ మంట. వదిన కూడా ఆ రోజు వాడితో మాట్లాడలేదు, ఆడవాళ్ళ మధ్యలో కూర్చుని పాటలు పాడింది.

ఆ శనివారం ఆమె మార్కెట్ బుట్టతోపాటు ఇంకో చిన్న బుట్ట సర్దుతుంటే చూశాను. ఉడికించిన చేమదుంపలు, చేమాకులో కొబ్బరిపాలు పోసి పొయ్యి మీద కాల్చిన పలుసామి, ఒక చేపముక్క.

"ఎవరికి?" అన్నాను, తెలిసే.

"శనివారం కదా. వాడు ఎదురుచూస్తాడు."

"వాళ్ళవాళ్ళు లేరా?"

"ఉన్నారు. వెళ్తున్నారా?"

ఆ వారం లఫాయెలె ఆమెను చూడ్డానికి బయటికి రాలేదు. కాపలావాడు వచ్చి, "రాడంటమ్మా, సిగ్గుగా ఉందంట," అన్నాడు. ఆమె బుట్ట ఇచ్చేసి వచ్చింది. రెండో వారమూ అంతే. ఖాళీ బుట్ట మాత్రం కడిగి, ఆకులు దులిపి, కాపలావాడి చేతికిచ్చి పంపాడు. నాలుగో వారం నేను కూడా తోడు వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో చెప్పలేను. బహుశా వాడు రాడనే ధైర్యంతో వెళ్ళి ఉంటాను.

వచ్చాడు. రేకుల కప్పు కింద పొడుగు బల్ల, అటు వాడు, ఇటు మేము. బాగా చిక్కిపోయాడు. తల ఎత్తలేదు. వదిన మూత తీసి కూడు ముందుకు జరిపింది. వాడు ముట్టుకోలేదు.

వదిన అడిగింది. "బాబూ, నిన్నొక మాట అడగాలి. రెండేళ్ళుగా అడగాలనుంది. మీ అమ్మ ఉండగా అడగలేకపోయాను."

వాడు తల ఊపాడు.

"నువ్వొక్కడివే ఉన్నావు దాని దగ్గర. అందరూ వచ్చేసరికే పోయింది కదా. దానికి మాట వచ్చిందా? ఏమైనా అందా?"

నాకు లేచి పారిపోవాలనిపించింది. వాడి చేతులు బల్ల మీద ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"అంది," అన్నాడు. "కళ్ళు తెరిచే ఉంది. 'మా అమ్మను పిలువు' అంది. నొప్పి అనలేదు. ఏడవలేదు కూడా. మా అమ్మను పిలువు అని రెండుసార్లు అంది."

"పిలిచావా?"

"పిలిచానమ్మా. మీ పేరు తెలీదు నాకు. రోడ్డు మీద నిలబడి 'అమ్మా, అమ్మా' అని అరిచాను. ఎంత గట్టిగా అరిచానో... ఎవరూ రాలేదు. వెనక్కి తిరిగేసరికి..."

వదిన కొంచెంసేపు వాడి చేతుల వైపే చూసింది. తర్వాత చాలా మామూలుగా, దుకాణంలో ఏదో అడిగినట్టు చెప్పింది. "ఆ కేక నాకు వినబడింది."

నేను ఆమె వైపు తిరిగాను. అప్పటిదాకా ఈ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"ఇంటి వెనక బట్టలు ఉతుకుతున్నాను. ఎవరో మగపిల్లాడు అమ్మా అమ్మా అని అరవడం విన్నాను. మైదానంలో రగ్బీ ఆడుతున్నారు, ఎవడికో దెబ్బ తగిలిందనుకున్నాను. వాళ్ళమ్మ వెళ్తుందిలే అనుకున్నాను. చేతిలోని బట్ట పిండి, ఇంకో బట్ట తీసుకున్నాను."

లఫాయెలె అప్పుడు తల ఎత్తాడు. మా కుటుంబంలో ఎవరి ముఖంలోకైనా వాడు సూటిగా చూడడం అదే మొదలు.

"మీరొచ్చినా..." అని ఆగిపోయాడు.

"ఏమో. నీకూ తెలీదు, నాకూ తెలీదు." ఆమె బుట్ట ఇంకాస్త ముందుకు జరిపింది. "తిను. పలుసామి పొద్దుటిది, ఎండకి పులిసిపోతుంది."

వాడు తినడం మొదలుపెట్టాడు. ఏడుస్తూనే తిన్నాడు, పిల్లల్లా, ముక్కు ముంజేత్తో తుడుచుకుంటూ. వదిన చేపలోంచి ముల్లు తీసి పక్కనబెట్టింది.  నేను ఆ కుర్రాడితో ఒక్క మాట అనలేదు. చెయ్యి చాపి నీళ్ళ సీసా అటు తోశాను, అంతే. నావల్ల అయింది అంతవరకే.

ఆ సాయంత్రం ప్రార్థన అయ్యాక వదిన అన్నకు అంతా చెప్పింది. కేక సంగతి కూడా. అన్న చాపమీద అలాగే కూర్చుండిపోయాడు. చీకటి పడుతోంది. "ఆ రోజు చాప ఎత్తేముందు నిన్నొక మాట అడగాల్సింది," అన్నాడు.

"అడిగితే వద్దనేదాన్ని," అంది వదిన.

 అన్న లేచి వెళ్ళి సమాధి అంచున కూర్చున్నాడు. మా అన్న ఊరి పెద్ద. నలుగురిలో ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు దారినపోయేవాళ్ళందరూ చూశారు. చూసి, తలలు వంచుకుని వెళ్ళారు.

మిగిలిన నెలలన్నీ వదిన జైలుకు వెళ్తూనే ఉంది. అన్న ఒక్కసారీ తోడు వెళ్ళలేదు. కానీ శుక్రవారం తోట నుంచి వచ్చేటప్పుడు దుంపల్లో బాగున్నవి ఏరి విడిగా పెట్టేవాడు.

విడుదలయ్యాక లఫాయెలె పై ఊళ్ళో ఉండలేదు. తల్లి సమాధి చూసుకుని, అదే రోజు ఓడెక్కి సవాయీ దీవిలో మేనమామ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఈ మధ్య పెళ్ళి చేసుకున్నాడని విన్నాం. మాకు కబురు రాలేదు. వస్తుందని వదిన అనుకోనూ లేదు. "నన్ను చూస్తే వాడికి అదే గుర్తొస్తుంది. రాకపోవడమే మంచిది," అంది.

ఆమె ఇప్పటికీ అదే బస్సులో మార్కెట్‌కు వెళ్తుంది, చేమాకు అమ్ముతుంది. ముసలితనం వస్తోంది. మోకాళ్ళ నొప్పులు కూడా. సాయంత్రాలు కుర్రాళ్ళు మైదానంలో ఆడుకుంటూ అరుస్తారు. ఏ కేకకైనా సరే, చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి రోడ్డు దాకా వెళ్ళి చూసి వస్తుంది. ఏమీ ఉండదు. మళ్ళీ వచ్చి పనిలో కూర్చుంటుంది.